రేకు డబ్బాకి కాలదోషం

లోహశాస్త్రం చదివిన మహామహులెవరికీ తట్టని రోగమొకటి కంప్యూటర్ అమ్మేవాళ్ళు కనిపెట్టారు. దాని పేరు ‘పాత కేబినెట్’. మిల్లీమీటరు మందం కూడా లేని ఉక్కు రేకు, మూలమూలకీ రివెట్లు, వెనక కొన్ని కన్నాలు, ముందు ఒక మీట. ఇంతే దాని శరీరం. అందులో అరిగేది లేదు, కాలేది లేదు, లెక్కలు కట్టేది అసలే లేదు. అయినా కొత్త మదర్‌బోర్డు కొందామని కౌంటరు దగ్గర నిలబడి చూడండి. “పాత కేబినెట్‌లో ఇది పట్టదు సార్, అది కూడా మార్చేయండి” అంటాడు కుర్రాడు. మీ ఇంట్లో ఉన్న డబ్బా ఏమిటో, ఎంతో అడగడు. నాడి చూడకుండానే రోగం చెప్పేస్తాడు.

కలకత్తాలో ఉంటున్నాను కనక నాకీ వైద్యం చాందినీ చౌక్‌లో దొరుకుతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగినవాళ్ళకి చాందినీ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఇక్కడ మెట్లకి బదులు సందులు. మెట్రో స్టేషన్లోంచి పైకొస్తే చిత్తరంజన్ ఎవెన్యూ మీద అద్దాలూ ఏసీలూ ఉన్న ఈ-మాల్ కనపడుతుంది. కాస్త లోపలికి, మదన్ స్ట్రీట్ వైపు పోతే పాత సరుకు గుట్టలు. ఒకే పేటలో రెండు మతాలు. ఏసీలో కూర్చున్నవాడు “పట్టదు” అంటాడు. సందులో బల్ల వేసుకున్నవాడు “హోయే జాబే దాదా” అంటాడు, అయిపోతుంది లెండి అన్నమాట.

అసలు ఈ ఊరికీ కంప్యూటర్‌కీ ఉన్న చుట్టరికం చిత్రమైనది. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ హెచ్‌ఈసీ-2ఎం ఇంగ్లండ్ నుంచి 1955లో వచ్చి దిగింది ఇక్కడి బరానగర్‌లోనే, మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. మన సి.ఆర్. రావు గారు దశాబ్దాల పాటు పనిచేసిన చోటు అది. 1966 నాటికి ఆ సంస్థా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమూ కలిసి ఐఎస్ఐజేయూ-1 అనే యంత్రాన్ని సొంతంగా కట్టుకున్నాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే బ్రాబోర్న్ రోడ్డులో ఇలాకో హౌస్ దగ్గర ఎల్‌ఐసీ ఉద్యోగులు కాపలా కాశారు, కంప్యూటర్ లోపలికి రాకుండా. అప్పట్లో కొత్త యంత్రాన్ని గుమ్మం తొక్కనివ్వని ఊరు, ఇప్పుడు పాత యంత్రాన్ని గుమ్మం దాటనివ్వదు. రెండింటికీ కారణం పొట్టే.

ఇంతకీ పట్టదన్నవాడి మాటలో నిజమెంత? 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టింది. బోర్డు 305 మిల్లీమీటర్లు బై 244. స్క్రూ కన్నాలు ఫలానా ఫలానా చోట. సాకెట్లు బయటికి చూసే వెనక కిటికీ 158.75 బై 44.45. కార్డుకీ కార్డుకీ మధ్య ఎడం 20.32 మిల్లీమీటర్లు. ఈ చివరి లెక్క ఇంకా పాతది, 1983లో ఐబీఎం ఎక్స్‌టీ నాడు కుదిరింది. ఈ పొద్దు లక్షలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు కూడా ఆ 20.32 లెక్కకి తలవంచి కూర్చోవాల్సిందే. ఈలోగా కలకత్తా కోల్‌కతా అయింది, ఆంధ్రప్రదేశ్ రెండైంది, ఎన్ని ప్రభుత్వాలు దిగాయో ఎన్ని ఎక్కాయో! ఆ స్క్రూ కన్నాలు మాత్రం ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. కాబట్టి ఏటీఎక్స్ డబ్బా మీ దగ్గర ఉంటే, అది వాజ్‌పేయి గారి హయాంలో కొన్నదైనా సరే, నిన్న కొన్న బోర్డు అందులో కూర్చుంటుంది. అంతకుముందు నాటి ఏటీ డబ్బా అయితే మాత్రం వదిలేయండి. దాని వెనక కీబోర్డు కోసం ఒక గుండ్రటి కన్నం తప్ప కిటికీయే ఉండదు.

మరి అడ్డం వచ్చేది ఏమిటంటే, పొడుగు. పాత డబ్బా కట్టిన రోజుల్లో గ్రాఫిక్స్ కార్డు అరచెయ్యంత. ఇప్పుడు 300 మిల్లీమీటర్లు దాటిన కార్డులున్నాయి. మూడు కార్డుల చోటు ఒక్కటే ఆక్రమించి, తన బరువుకి తనే కిందికి వాలిపోయేవి. అది వెళ్ళి ముందున్న హార్డ్ డిస్క్ గూటికి గుద్దుకుంటుంది. ‘పట్టదు’ అనే తీర్పు మొత్తం ఆ గూటి మీదే ఆధారపడి ఉంది.

ఆ గూటిని ఎలా పీకుతారో ఆమధ్య ఒక మిస్త్రీ దగ్గర నిలబడి చూశాను. తెల్లరంగు వెలిసి పసుపెక్కిన డబ్బా, చెవి మీద సగం కాల్చిన బీడీ. ముందు మదర్‌బోర్డు ఊడదీసి, పేపర్లో చుట్టి, దూరంగా అరమరలో పెట్టాడు. బోర్డు లోపల ఉండగా డ్రిల్లు ముట్టుకోడట. ఇనుప రజను ఒక్క పలుకు ఎక్కడన్నా రెండు కాళ్ళ మధ్య ఇరుక్కుంటే బోర్డు గోవిందా. తర్వాత రివెట్ తల మీద బిట్ ఆనించి ఒక్కొక్కటే ఎగరగొట్టాడు. గూడు ఊడి చేతికొచ్చింది. ముందు రేకు మీద పాత సీడీ పెట్టి పెన్సిలుతో గీత గీశాడు. సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు, పెట్టబోయే ఫ్యానూ 120. చాందినీలో వృత్తలేఖినులు కొనరు. ఆ గీతకి కాస్త లోపలగా కోసి, ఆకురాయితో అంచులు రుద్ది, రబ్బరు బీడింగ్ తొడిగాడు. బోర్డు కింద ఉండే ఇత్తడి స్టడ్లు లెక్కపెట్టి, కొత్త బోర్డుకి కన్నం లేని చోట ఉన్నదాన్ని విప్పి జేబులో వేసుకున్నాడు. అది ఉంటే బోర్డు వెనక తగిలి షార్టవుతుంది. ఇక ముందు దీపం తీగ. పాత డబ్బాలో దాని ప్లగ్గుకి మూడు గదులు, కొత్త బోర్డులో రెండే పిన్నులు. కంపెనీ ఇంజనీరైతే ఇక్కడ ‘ఇన్‌కంపాటిబుల్’ అని రాసి సంతకం పెట్టేవాడు. మిస్త్రీ చొక్కాకి ఉన్న పిన్నీసు తీసి, ప్లాస్టిక్ నాలుక ఎత్తి, లోపలి రేకు పలుకుని లాగి పక్క గదిలో గుచ్చాడు. దీపం వెలిగింది. బీడీ కూడా వెలిగింది.

ఒక్కదానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. పాత ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) చేత్తో ఎత్తి బరువు చూసి, “ఎటా ఫేలే దిన్” అని పక్కకి గెంటాడు. పారేయమని. ఆయన చెప్పింది నిక్కచ్చి మాట. పాతవి ఐదు వోల్టుల మీద బలం పెట్టి చేసినవి, ఈనాటి ప్రాసెసరూ కార్డూ అడిగేది పన్నెండు వోల్టులు. పైగా ఈ ఊరి ఉక్కలో ఏళ్ళ తరబడి ఉడికిన కెపాసిటర్లు అవి. స్టిక్కరు మీద ఎన్ని వాట్లు రాసుందో చూసి మురిసిపోవడం, పెళ్ళిసంబంధాల ప్రకటనలో అల్లుడి జీతం చూసి మురిసిపోవడం ఒకటే. మార్చాల్సింది దీన్ని. కౌంటరు కుర్రాడు దీని ఊసెత్తడు, రేకు మార్చమంటాడు.

పాత చట్రం ఉంచుకుని లోపలిది మార్చడం కలకత్తావాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కుమార్‌టులిలో దుర్గమ్మ విగ్రహాలు చేస్తారు కదా, నిమజ్జనం అయ్యాక గడ్డీ మట్టీ గంగలో కరిగిపోతే కొయ్య చట్రం మిగులుతుంది. దాన్ని కాఠామో అంటారు. నీళ్ళలోంచి లాగి, ఆరబెట్టి, మళ్ళీ పనివాళ్ళకి అమ్మేవాళ్ళున్నారు. పాత జమీందారీ ఇళ్ళలో రథయాత్ర నాడు ఆ చట్రానికి పూజ చేసి గానీ కొత్త మట్టి పెట్టరు. సాక్షాత్తూ అమ్మవారే ఏటా పాత కేబినెట్‌లో కొత్తగా కొలువుదీరుతుంటే, మీ బ్యాలెన్స్ షీట్లు టైపు చేసే యంత్రానికి పాతది పనికిరాదా?

పోనీ, పారేసి కొనమనే కొత్త డబ్బా చూద్దాం. రెండు రకాలు. చవకది బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఖరీదైనది రెండు మూడు వైపులా అద్దం. వ్యాపారంలో దాన్ని ముద్దుగా ‘ఫిష్ ట్యాంక్’ అంటారు. గాలి ఆడాల్సిన చోట గాజు పెడతారు. గాజు వెనక నిలిచిపోయిన వేడి తీయడానికి ఫ్యాన్లు అమ్ముతారు. ఆ ఫ్యాన్లకి రంగు దీపాలు, ఆ దీపాలకి కంట్రోలరు, కంట్రోలరుకి సాఫ్ట్‌వేరు. చివరికి ఆ సాఫ్ట్‌వేరు ప్రాసెసర్ని తినేస్తోందని ఇంకాస్త పెద్ద ప్రాసెసరు. చేపల తొట్టి కావాలంటే ఆదివారం పొద్దున బాగ్‌బజార్ దగ్గర గాలిఫ్ స్ట్రీట్‌కి వెళితే సరి, అక్కడ చేపల్ని కూడా ఇస్తారు. దీపాలే కావాలంటే చందన్‌నగర్ పనివాళ్ళున్నారు. పూజా పందిళ్ళకి వాళ్ళు కట్టే దీపాల్లో నెమలి పురివిప్పి ఆడుతుంది. మీ డబ్బాలో ఏముంది, ఫ్యాను తిరుగుతుంది.

అద్దాలవాళ్ళది షోకు, ఎవరి డబ్బు వాళ్ళిష్టం. అసలు దోషులు బ్రాండెడ్ పెట్టెలవాళ్ళు. 1990ల చివర్లో డెల్ చేసిన ఘనకార్యం ఒకటుంది. ప్లగ్గు చూడ్డానికి అచ్చం ఏటీఎక్స్ ప్లగ్గే, లోపల తీగల వరస మాత్రం వేరు. బజార్లో దొరికే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి గుచ్చితే హాయిగా దిగుతుంది. స్విచ్ వేస్తే బోర్డో, సప్లయో కాలుతుంది. పట్టకపోతే పోనీ అనుకోవచ్చు, పట్టి మరీ కాల్చడం ఎంత తెలివి! తర్వాత వాళ్ళే ఆ వరస మానేశారు. రోగం మాత్రం మానలేదు. ఏదన్నా ఆఫీసు డెస్క్‌టాప్ మూత తీసి చూడండి. 24 పిన్నుల ప్లగ్గు ఉండాల్సిన చోట కంపెనీకో లెక్క, ఆరో ఎనిమిదో పద్నాలుగో. సప్లై ఆకారం వేరు, మీట తీగ వేరు, స్క్రూ కన్నాలు వేరు. ఇలాంటి పెట్టెలో కొత్త బోర్డు పెట్టాలంటే మా మిస్త్రీ అయినా సగం రేకు కోసి పారేయాల్సిందే. ప్లగ్గు మార్చినందుకు వాళ్ళకో వాదన ఉంది, ఒక్క పన్నెండు వోల్టులతోనే నడిపితే కరెంటు ఆదా అని. అబద్ధమేమీ కాదు. అందుకే 2020 ప్రాంతంలో ఇంటెల్ పది పిన్నులతో ఏటీఎక్స్12వీఓ అనే ఉమ్మడి పద్ధతి ముందు పెట్టింది. అదే వాడొచ్చు కదా అంటే చెవిటివాడి ముందు శంఖం.

దీనికి తోడు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి నీళ్ళొదిలింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం నాటిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. సరే, బోర్డు పాతదైంది, ఒప్పుకుందాం. రేకు ఏం పాపం చేసింది? దాన్ని ఏ సర్టిఫికెట్టూ అడగరే! అయినా ఆఫీసులు ‘సెట్టు’ మొత్తం తుక్కు కింద రాసేస్తాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో పోగుపడ్డ ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నూటికి 22.3 పాళ్ళు. తక్కినది ఏ ఊరి సందుల్లో ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయిందో ఊహించుకోవచ్చు.

మన ప్రభుత్వం ఊరుకోలేదు. 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. కంపెనీల మాన్యువళ్ళూ సర్వీసు వివరాలూ అక్కడ పెట్టారు. సంతోషం. ప్లగ్గులో ఏ పిన్ను ఎక్కడుండాలో కంపెనీకి చెప్పే అధికారం మాత్రం ఆ పోర్టల్‌కి లేదు. రిపేరు చేసుకునే హక్కు మీది, రిపేరు కాకుండా చేసే హక్కు వాళ్ళది. ఇద్దరికీ సమాన న్యాయం.

చెయ్యదలిస్తే దారి లేకపోలేదు. ఫోన్లన్నిటికీ ఒకే చార్జింగ్ సాకెట్ ఉండాలని ఐరోపా సమాఖ్య చట్టం చేసింది, 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అది అమల్లో ఉంది. సాకెట్ మారిస్తే కొంప మునుగుతుందన్న ఆపిల్ కూడా మార్చింది, కొంప మునగలేదు. మనకి చట్టం కూడా అక్కర్లేదు. ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్లో డెస్క్‌టాప్‌లు కొనే కేంద్ర శాఖలూ, రాష్ట్ర సచివాలయాలూ, బ్యాంకులూ, విశ్వవిద్యాలయాలూ టెండరులో ఒక్క వాక్యం చేర్చితే చాలు: బోర్డు కన్నాలూ, వెనక కిటికీ, సప్లై ప్లగ్గూ ఉమ్మడి కొలతల్లోనే ఉండాలి. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఆ ఫైలు చూసే అధికారి ఎవరన్నా ఇది చదువుతుంటే, ఈ ఏడాది టెండరు నుంచే ఆ వాక్యం రాయించండి. ఎవరన్నా రాయించేదాకా చదువరులు మాత్రం రేకు డబ్బా తూకానికి వెయ్యకండి, ఎస్‌ఎంపీఎస్ మార్చకుండా స్విచ్ వెయ్యకండి.