కార్తీక పంచవాక్యికి టీకా తాత్పర్యం

మూలం: కార్తీకంలో ఒక ఆదివారం ఉసిరి చెట్టు కిందికి పోదాం. పులిహోర మనది. చాపలు మరవొద్దు. చిక్కుడు పాదు మీద ఎవరూ చెయ్యి వేయొద్దు. చెట్టు దొరక్కపోతే కుండీ చాలు.

అవతారిక. శరదృతువును ఎలా అనుభవించాలో చెప్పే గ్రంథాలలో ఇంతకంటె చిన్నది, ఇంతకంటె ఎక్కువ ఇళ్ళలో అమలైనది మరొకటి కనిపించదు. దీని కర్త్రి ఇంటి పెద్దావిడ, రచనాకాలం దీపావళి మర్నాడు, తాళపత్రం పాత కరెంటు బిల్లు వెనుక భాగం, భాండాగారం ఫ్రిజ్ తలుపు. ఏటా కొద్ది మార్పులతో అవతరించే ఈ కృతికి విశాఖపట్నపు అపార్టుమెంట్ల ప్రతులను ఇక్కడ ప్రధానంగా స్వీకరించి, అనుమానం వచ్చినచోట గోదావరి ప్రతులతో పోల్చడమైనది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మెతుకుసీమలోని కొల్చారం వాడని ప్రసిద్ధి కనుక, ఎవరో రాసినదాన్ని విడమరిచి చెప్పడంలో తెలుగువారికి పిత్రార్జితపు హక్కు కొంత ఉన్నదనుకోవచ్చును.

కార్తీకంలో, అనగా పున్నమినాటి చంద్రుడు కృత్తికా నక్షత్రపు దాపున ఉండే నెలలో. శరత్తుకు ఆశ్వయుజం, కార్తీకం రెండూ చెందగా మొదటిదాన్ని కర్త్రి ఎందుకు విడిచినదన్న ప్రశ్నకు, అది ముందే నిండిపోయినదన్నదే సమాధానం. నవరాత్రులు, దసరా, అట్లతద్ది, దీపావళి గడిచేసరికి ఆ నెలలో ఖాళీ ఆదివారమంటూ మిగలదు. తెలంగాణలోనైతే మహాలయ అమావాస్య మొదలు తొమ్మిది రోజుల బతుకమ్మ కోసం తంగేడు, గునుగు వెతుక్కుంటూ చెలకల గట్ల మీద తిరగడమే ప్రకృతి విహారం కనుక, విడిగా చీటీ రాసి పిలవవలసిన అగత్యం లేదు. ఇక్కడ ఇంకొక చిక్కున్నది. నిఘంటువులలో శరత్ శబ్దానికి ఋతువనే కాక సంవత్సరమనే అర్థం కూడా ఉండటాన్ని ఆసరా చేసుకొని, ‘ఈ శరత్తులో వెళదాం’ అన్న మాటకు ‘ఈ సంవత్సరంలో ఎప్పుడైనా వెళదాం’ అని అర్థం చెప్పే సంప్రదాయమొకటి ఇంటి యజమానులలో బలంగా ఉన్నది. ఆ సంప్రదాయాన్ని ఎరిగినది కనుకనే కర్త్రి ఋతువు పేరెత్తక నెల పేరు రాసినదని గ్రహించాలి.

ఉసిరి చెట్టు అన్నచోట పెద్ద ఉసిరి అని విశేషణం చేర్చుకోవాలి. నేల ఉసిరి కూడా వృక్షశాస్త్రం లెక్కన అదే ప్రజాతికి చెందినదే అయినా జానెడు మొక్క గనుక, దాని కిందికి పోవడం చీమలకే సాధ్యం. ఇన్ని చెట్లుండగా ఉసిరే ఏల అంటే, పుణ్యం మాట పురాణాలు చెబుతాయి, నీడ మాట మాత్రం వ్యాఖ్యాత చెప్పవలసి ఉన్నది. ఈకల వంటి సన్నని ఆకులు గల ఈ చెట్టు నీడ మర్రి నీడలాగా చిక్కనిది కాదు. జల్లెడ పట్టిన ఎండ కిందికి రాలుతూనే ఉంటుంది. వైశాఖంలో అటువంటి నీడ పనికిరాదు, కానీ ఎండ పదును తగ్గి వీపుకు వెచ్చగా తగలడం హాయి అనిపించే కార్తీకంలో సరిగ్గా అంత నీడే కావాలి. కాయలు కూడా అప్పుడే ఊరగాయకు అందివస్తాయి కనుక చెట్టు కిందికి పోయినవారు ఉత్త చేతులతో తిరిగి రారు.

‘పోదాం’ అన్నదానిపై దూరవాదులు, సమీపవాదులు అని రెండు పక్షాలు. దూరవాదుల మతంలో పోవడమంటే తెల్లవారుజామున కొత్తవలస–కిరండూల్ మార్గంలో రైలెక్కి, తూర్పు కనుమల సొరంగాలలో పిల్లలు కేకలు పెడుతుండగా బొర్రా గుహలు దాటి అరకు చేరడమే. 2017 నుంచి ఆ రైలుకు అద్దాల పెట్టె తగిలించడంతో ఈ పక్షానికి బలం పెరిగినది. ఆ రోజుల్లో అక్కడి వలిసె చేలు కొండవాలు పొడుగునా పసుపు పరిచినట్లుంటాయి. అయితే వలిసె అనగా గిరిజన రైతులు నూనె గింజల కోసం వేసే పంట తప్ప ఫొటోల కోసం పెంచిన పూలతోట కాదన్న సంగతి చాలామంది యాత్రికులకు చేలో దిగిన తరువాతగాని తెలియదు. తొక్కిన మొక్కకు గింజ పట్టదు కనుక కొందరు రైతులు చేలోకి దిగేందుకు రుసుము పెట్టడం న్యాయమే. సమీపవాదులు ఊరి చివరి తోట చాలునంటారు. ‘కిందికి’ అన్న విభక్తిని ఇరువురూ పట్టించుకోకపోవడం వింత. ఊరి పేరు చెప్పక చెట్టు కిందు మాత్రమే గమ్యంగా చెప్పినందున, చేరిన చోట ఉసిరి లేకపోతే రైలుకు ఎంత పెద్ద అద్దాలున్నా ప్రయాణం పూర్తి కానట్లే.

పోయి ఏమి చేయాలో మూలంలో లేదు. ‘వనభోజనానికి’ అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి, అంటే వాక్యంలో లేని పదాన్ని అర్థం కుదరడానికి బయటినుంచి తెచ్చుకోవాలి. అమరకోశం వనమన్న పదాన్ని అడవి పేర్లలోనే గాక నీటి పేర్లలో కూడా చెప్పినది కనుక ఇందులో శ్లేష ఉన్నది. కావ్యాలలో శరత్తంటే తేరిన నీరు, వెలిసిన ఆకాశం. తెలుగు తీరంలో మాత్రం అక్టోబరు, నవంబరు బంగాళాఖాతపు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి నగరపు చెట్లను వేళ్ళతో పెకలించిన ఏడు, వనానికి మొదటి అర్థం పోయి రెండవదే మిగిలినది.

పులిహోర మనది. మూడు అక్షరాల ‘మనది’ మీద మూడు సంపుటాల వ్యాఖ్య అవసరం. తెలుగులో ‘మేము’ వినేవారిని విడిచిపెడుతుంది, ‘మనం’ కలుపుకొంటుంది. ఆ నియమం ప్రకారం చీటీ చదివిన ప్రతివారికీ చింతపండు పిసకడంలో వాటా ఉండాలి. ఇది వాచ్యార్థం, అంటే మాట నేరుగా ఇచ్చే అర్థం. అనుభవంలో ఆ అర్థం కుదరక, గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని సర్దుకున్నట్లే, ‘మనది’ అంటే ‘కోడలిది’ అనే లక్ష్యార్థాన్ని పూర్వులు ఆశ్రయించారు. ఈ వ్యాఖ్య ఆ మతాన్ని అంగీకరించదు. పలు కుటుంబాలు కలిసే చోట ఒకరు దద్ధోజనం, ఒకరు గారెలు, ఒకరు బూరెలు పంచుకోగా ఈ ఇంటి వంతుకు పులిహోర వచ్చినదని మాత్రమే దీని భావం, అందులో తిరగమోత ఎవరు వేయాలన్న విధి ఎక్కడా లేదు. నిమ్మకాయ పులిహోరా, చింతపండు పులిహోరా అన్న సంశయానికి తావే లేదు. పొద్దున కలిపినది మధ్యాహ్నం దాకా ఊరి మరింత రుచికెక్కేది, పులుపూ నూనే కాపు కాయగా ప్రయాణానికి ఆగేది చింతపండుదే.

చాపలు మరవొద్దు. పసుపు మరక వల్ల మొదటి అక్షరపు గుణింతం చెదిరిన ఒక గోదావరి ప్రతిలో ‘చేపలు’ అనే పాఠం కనిపిస్తున్నది, దానికి కోనసీమ అల్లుళ్ళ మద్దతు కూడా ఉన్నది. అది అపపాఠం, అనగా రాతలో దొర్లిన తప్పు. కార్తీకంలో నీచు ముట్టని ఇంట్లో అటువంటి ఆజ్ఞ పుట్టదన్నది మొదటి హేతువు. పుస్తెలమ్మైనా తినమని సామెత పుట్టించిన పులస వరద గోదావరికి ఎదురీదుతూ వచ్చి కార్తీకానికి ముందే వెళ్ళిపోతుంది కనుక, మరవకూడనంతటి చేప ఆ నెలలో లేదన్నది రెండవది. చాపలకైతే బలమైన ప్రయోజనం ఉన్నది: వానలు వెలిసినా నేల చెమ్మ ఆరదు, పల్లేరు కాయలు ముదిరి ముళ్ళు పైకి పెట్టుకొని కూర్చొని ఉంటాయి.

చిక్కుడు పాదు విషయంలో వాక్యం హఠాత్తుగా పెరట్లోకి మళ్ళడాన్ని ప్రకరణభంగమని, అంటే సందర్భం తెగిందని, కొందరు ఆక్షేపించారు. అందరూ ఊరవతలికి పోయే రోజున పాదుకు కావలి ఎవరూ ఉండరన్న స్ఫురణ వారికి కలగలేదు. తొలకరిలో పెట్టిన నాటు చిక్కుడు ఎంత నీరు పోసినా తీగే సాగుతుంది. సెప్టెంబరు చివర పగలు రాత్రికన్న కురచ కావడం మొదలైన తరువాతనే పూతకు వస్తుంది. గుత్తిలో కింది కాయలు ముదురుతున్నా చివరన మొగ్గలు ఇంకా విచ్చుతూనే ఉంటాయి కనుక, తొందరపడి గుత్తినే తుంపితే రేపటి కూర కూడా పోతుంది. రథసప్తమినాడు చిక్కుడు కాయలతో రథం కట్టేదాకా పాదు నిలవాలని కర్త్రి ఆంతర్యం. పేనుబంక పట్టిన కొసలను తుంచవచ్చునా అన్నదానిపై మూలం మౌనం వహించినది. ఆమెను అడిగి తుంచడం మేలు.

చెట్టు దొరక్కపోతే కుండీ చాలు. ఇది అనుకల్పం, అంటే అసలు విధి సాగనప్పుడు ఆచరించే ప్రత్యామ్నాయం. కార్తీక శుద్ధ ద్వాదశికి బజారులో ఉసిరి కొమ్మలు అమ్మకానికి వస్తాయి. వాటిని తులసి కుండీలో గుచ్చి దీపం పెట్టడం వాడుక. ఆ కొమ్మనే డాబా మీదికి చేర్చి, నీళ్ళ ట్యాంకు నీడన చాప పరిచి, పులిహోర గిన్నె మూత తీస్తే వనభోజన లక్షణాలలో వనం తప్ప అన్నీ సమకూరుతాయి.

చివరగా ఒక ప్రతిలో మూలానికి దిగువన ‘ఆదివారం మ్యాచ్ ఉంది’ అని ఆరవ వాక్యమొకటి ఉన్నది. దస్తూరి వేరు, శైలి వేరు, సిరా రంగు వేరు కనుక అది ప్రక్షిప్తం, అనగా తరువాతి వారు చొప్పించినది. దానిపై అడ్డంగా గీసిన గీత సిరా మాత్రం మూలపు సిరాయే.