మెలిక తోక బాతులు

మా మదనపల్లెలో టమాటా రంగు చూసి మార్కెట్ ధర చెప్పేవాళ్ళున్నారు. పుంగనూరు పొట్టావు పళ్ళు చూసి ఈడు చెప్పేవాళ్ళూ ఉన్నారు. మాది ఆ రెండో రకం వంశం. మా తాత సంతలో పశువు నోరు తెరిచి చూశాడంటే బేరగాళ్ళు తమ నోళ్ళు మూసుకునేవాళ్ళట. ఆ రక్తమే నాలో పారుతోందని నా నమ్మకం. ఇంట్లో ఇంకెవరికీ ఆ నమ్మకం లేదు.

కుప్పం పక్క కోతలైన మళ్ళలో బాతుల మంద మేస్తుంటే, గుడ్లకు పనికొస్తాయని అరడజను బేరమాడాను. "మీరే ఏరుకోండి సామీ" అన్నాడు మేపేవాడు. నాకింకేం కావాలి? కొన్నింటికి తోకమీద ఈకలు ముంగురుల్లా పైకి మెలితిరిగి ఉన్నాయి. జాతి బాతులంటే ఇవేనని అవే ఏరాను. అతను పల్లెత్తు మాట అనలేదు. చిల్లర మాత్రం మహా వినయంగా ఇచ్చాడు.

బుట్ట దించగానే మా ఆవిడ తోకల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"అన్నీ మగవే. గుడ్లెవరు పెడతారు, మీరా?"

వయసొచ్చిన మగబాతుకే తోకమీద ఆ మెలిక వస్తుందట. వాళ్ళ ఊరి చెరువు గట్టున పసిపిల్లలకు కూడా తెలుసట. ఇన్నేళ్ళ కాపురంలో నాకెందుకు చెప్పలేదంటే, "మీరడిగితే కదా" అంది. న్యాయమే.

నష్టానికి మార్చుకుని అయిదు పెట్టల్ని తెచ్చి, ఒక్క మగదాన్ని ఉంచాను. "గుడ్లకు మగది అసలు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే" అని ఆమె అన్నప్పుడు, ఎందుకో నాకు నేనే సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక చూడండి నా పాండిత్యం! ప్రహరీ పక్కన నిలబడినవాళ్ళకల్లా తోక శాస్త్రం చెప్పాను. అంతలో ఈకలు రాలే కాలం వచ్చి మెలికంతా ఊడిపోయింది. మగబాతును ఎవరో మార్చేశారని టీ అంగట్లో గోల చేసి వచ్చాను. మా అమ్మాయి ఒక్కోదాన్నీ చంకలో పెట్టుకుని అరిపించింది.

"ఇదిగో నాయనా, మీ మగది. గొంతు జీరపోయుండాది చూడు. గట్టిగా అరిచేది పెట్టే."

నిజమే. మగదాని ఊపిరిగొట్టం అడుగున ఎముక బుడ్డలాంటిది ఉంటుంది. అందుకే దానిది గుసగుస గొంతు. పిల్లలకు రెండు నెలలు నిండేసరికే ఈ తేడా తెలిసిపోతుంది, మెలిక వచ్చేది ఆ తర్వాతే. ఇదే సందని, "ఏ జాతిలోనైనా అరిచేది ఆడదే" అని నవ్వాను.

"అరిచేది గుడ్డు కూడా పెడతాది. మీ గొణుగుడుకు ఏమొస్తాది?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

పుంగనూరులో బామ్మర్ది ఇంట్లో మొహం నిండా ఎర్ర కండలున్న పెద్ద బాతులున్నాయి, మస్కోవీలు. వాటికి తోక మెలికా లేదు, మనకు తెలిసిన అరుపూ లేదు. ఒళ్ళు చూసే చెప్పాలి: మగది పెట్టకు దాదాపు రెట్టింపు ఉంటుంది. అక్కడ నేనేమీ చెప్పకుండా భోంచేసి వచ్చాను. మా ఆవిడ అదే మెచ్చుకుంది.

మీరూ బాతులు కొనబోతున్నారా? తోక నమ్మకండి, పట్టుకుని అరిపించి వినండి. డబ్బు మాత్రం మీ ఆవిడ చేతికివ్వండి.