లారీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "పాత బండేగా, ఎవడెత్తుకుపోతాడు!"

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఎవరో తేలలేదు, అపౌరుషేయం అనుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ టీకొట్ల దగ్గర, హైవే ధాబాల ముందు, లోడు కోసం పడిగాపులు కాసే రైసుమిల్లు గేట్ల బయట ఇది ఓనర్ల నోటి నుంచి డ్రైవర్లకు, డ్రైవర్ల నుంచి క్లీనర్లకు సంక్రమిస్తూ వస్తోంది. సందర్భం ఎప్పుడూ ఒక్కటే. రాత్రి పది దాటింది, బండి రోడ్డు పక్కన పెట్టారు, తాళం వేయలేదేమని ఎవరో అడిగారు. ఇందులోని రసం హాస్యమని కొందరు. తెల్లవారాక కరుణ అవుతుందని ఇంకొందరు.

ప్రతిపదార్థం. పాత = పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో నిండినట్టి, ఎలక్ట్రానిక్స్ గాలి సోకనట్టి; బండి = లారీ; ఏ = అంతకుమించి మరేమీ కాదని నొక్కి చెప్పడం; గా = కదా, అనగా ఎదుటివాడు ఒప్పుకోకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క; ఎవడు = ప్రశ్నలా కనబడుతూ 'ఎవడూ లేడు' అనే అర్థమిచ్చేది; ఎత్తుకుపోతాడు = దొంగిలించును.

వ్యాకరణ విశేషం. బండి, ఏ కలిసినచోట ఇకారం పోయింది. ఎవడు, ఎత్తుకు కలిసినచోట ఉకారం పోయింది. దొంగతనం జరగదని చెప్పే వాక్యంలోనే రెండు అచ్చులు మాయం కావడాన్ని పెద్దలు అపశకునంగా తీసుకున్నారు.

ఇక టీక. 'పాత' దగ్గరే తగాదా మొదలవుతుంది. పాతది కనుక దొంగకు పనికిరాదని ఓనర్ల మతం. పాతది కనుకే పనికొస్తుందని మెకానిక్‌ల మతం. మెకానిక్‌లదే సిద్ధాంతం. తాళంచెవిలో చిప్పు ఉన్న బండ్లలో ఆ చిప్పును గుర్తుపట్టకపోతే ఇంజన్ అందుకోదు. పాత లెయ్‌లాండ్‌కు, పాత టాటాకు ఆ పట్టింపు లేదు. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. తాళంచెవి పని సెల్ఫ్‌కు కరెంటు అందించేవరకే. ఆ కరెంటుకు వేరే దారి చూపించడం అలవాటు పడ్డ చేతులకు పెద్ద పనేమీ కాదు. ఒకసారి అందుకున్నాక బ్యాటరీ ఉన్నా లేకున్నా ఇంజన్‌కు ఒకటే, స్టాప్ లాగితే తప్ప ఆగదు. స్టీరింగ్ లాక్ ఉండదు. డోరు తాళాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అరిగిపోయి ఏ చెవి పెట్టినా తిరిగేవి ఎన్నో.

ఇక్కడ ఒక ఆక్షేపం: "బ్యాటరీకి కటాఫ్ స్విచ్ పెట్టించాం, చాలదా?" సమాధానం: మంచిదే, షార్ట్ సర్క్యూట్ భయం కూడా తగ్గుతుంది. కాని ఏటవాలులో నిలిపిన పాత బండి సెల్ఫ్‌తో పనిలేకుండా దొర్లించినా అందుకుంటుంది. కరెంటు ఒక్కటే ఆపితే సగం పని మిగిలిపోతుంది, డీజిల్ కూడా ఆపాలి.

దానికి ట్యాంకు నుంచి ఫిల్టరుకు వెళ్లే పైపులో ఒక చిన్న వాల్వు చాలు. ఛాసిస్ లోపలివైపు, చోటు తెలిసిన చేతికే అందేలా బిగించి రాత్రి తిప్పేసి పడుకోవాలి. దొంగ వస్తాడు, ఇంజన్ అందుకుంటుంది, ఫిల్టర్లలోనూ పంపులోనూ మిగిలిన డీజిల్‌తో కొంతదూరం పోతుంది కూడా. తర్వాత నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. అప్పటికి లైనులోకి ఎయిర్ చేరి ఉంటుంది. వాల్వు జాడ కనిపెట్టినా సరిపోదు. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొట్టి, బుడగలు పోయి వట్టి డీజిల్ కారేదాకా ఎయిర్ తీయాలి, అదీ నడిరోడ్డు మీద, చీకట్లో, పరాయి బండికి. పొద్దున వాల్వు తిప్పడం మరిచిపోతే ఇదే శిక్ష ఓనరుకూ పడుతుంది. యంత్రానికి పక్షపాతం లేదు.

స్ప్రింగ్‌తో పట్టే పార్కింగ్ బ్రేకు ఉన్న బండికి ఇంకో సౌకర్యం ఉంది. ఎయిర్ ట్యాంకులో గాలి వదిలేసి పెడితే, మళ్లీ నిండేదాకా చక్రం కదలదు. నిండాలంటే ఇంజన్‌ను నిలబెట్టి రేజు చేయాలి. ఆ చప్పుడుకు లేవని క్లీనరు ఉంటే ఓనరు వేరే క్లీనరును వెతుక్కోవడం మేలు. స్టీరింగ్ నుంచి క్లచ్ పెడల్‌కు గొలుసు వేసి తాళం బిగించడం అందరికీ తెలిసిందే కనుక టీకాకారులు విస్తరించలేదు.

'ఎవడు' గురించీ వాళ్లు మౌనమే. వాల్వు ఎక్కడుందో తెలిసిన డ్రైవరు పని మానేస్తే వాల్వు చోటు మార్చాలని మాత్రం అంచున రాసిపెట్టారు.

'ఎత్తుకుపోతాడు' సకర్మక క్రియ, కాని ఏమిటి ఎత్తుకుపోతాడో సూత్రంలో లేదు. సూత్రకారుడి మనసులో ఉన్నది మొత్తం బండి. దొంగకు అంత పట్టుదల ఉండాలని లేదు. 24 వోల్టుల బండికి రెండు బ్యాటరీలు, స్టెప్నీ, జాకీ, టార్పాలిన్, మోకులు, ట్యాంకులో డీజిల్: దీన్ని శాస్త్రం ఏకదేశ చౌర్యం అంటుంది (శాస్త్రం కూడా మనదే). బ్యాటరీ పెట్టెకు అడ్డంగా ఇనుప పట్టీ, తాళం, డీజిల్ ట్యాంకుకు తాళం మూత, మూతికి జాలీ, స్టెప్నీకి గొలుసు, వీలైతే ట్యాంకు వైపు గోడకు ఆనించి నిలపడం. పేదవాడి ఉపాయాలే ఇవన్నీ, పని చేస్తాయి.

సమగ్ర చౌర్యానికి ఉదాహరణగా ఉత్తరప్రదేశ్ మీరట్‌లోని సోతీగంజ్ బజారును చెప్పాలి. దొంగబండ్లు అక్కడికి చేరి విడిభాగాలుగా విడిపోతాయని ఏళ్లపాటు పేరు. పోలీసులు వెంటపడి ఆస్తులు జప్తు చేయడంతో 2021 డిసెంబరులో ఆ దుకాణాలు మూతపడ్డాయి. గేర్‌బాక్సుకు, క్రౌనుకు, కమాన్ పట్టీలకు పుట్టినతేదీ అడిగేవాడు అలాంటి చోట ఉండడు. పైగా కంపెనీ మానేసిన మోడల్‌కు సామాను దొరికేది ఇంకో పాత బండి ఒంట్లోనే.

చట్టమూ వయసు అడగలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ సరుకులను, ప్రయాణికులను చేరవేసే వాహనాల దొంగతనాన్ని ప్రత్యేకంగా పేర్కొని ఏడేళ్ల వరకు జైలు చెప్పింది. పాత లారీ అయితే రాయితీ ఇస్తామని ఎక్కడా లేదు.

పాఠాంతరం. పోలీసు స్టేషన్లలో దొరికే ప్రతుల్లో "పాత బండే, ఎవడో ఎత్తుకుపోయాడు" అని ఉంటుంది. 'గా' లోపించింది, కాలం మారింది.

ఓనర్ల, మెకానిక్‌ల మతాల తర్వాత మూడోది ఇన్సూరెన్సు మతం. బండి విలువ ఏటా తరుగుతూ అయిదేళ్లకు సగానికి దిగుతుంది; ఆ తర్వాత కంపెనీ, ఓనరు మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. పాత బండికి ఎందుకులే అని థర్డ్ పార్టీతో సరిపెట్టినవాళ్లకు దొంగతనం జరిగితే పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా, బండి పోకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలనే షరతు పాలసీలోనే ఉంటుంది. 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక లారీ కేసులో డ్రైవరు, తోటివాడు స్టోన్ క్రషర్‌కు దారి అడగడానికి దిగారు. చెవి బండికే వదిలేశారు. బండి పోయింది, కంపెనీ ఇవ్వనంది. అంతమాత్రాన క్లెయిము మొత్తం కొట్టేయకూడదని కోర్టు 75 శాతం ఇప్పించింది. దారి అడిగినందుకు పాతిక శాతం ఖర్చు!

పోయాక చేయాల్సిన మొదటి పని ఎఫ్‌ఐఆర్. ట్రాక్టరు పోయిన ఒకాయన పోలీసులకు అదేరోజు చెప్పి, కంపెనీకి 52 రోజుల తర్వాత చెప్పాడు. ఎఫ్‌ఐఆర్ వెంటనే అయినప్పుడు ఆ ఆలస్యం ఒక్కటే చూపి క్లెయిము తోసిపుచ్చకూడదని 2020లో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి తేల్చింది. అలాగని 52 రోజులు ఆగమని అర్థం చెప్పుకోకూడదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఈలోగా ఫోన్ చూడాలి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కనుక, దొంగ స్టిక్కరు పీకడం మరిచాడంటే పంతంగి టోల్‌ప్లాజాలో డబ్బు కట్ అయిందని మెసేజ్ వస్తుంది, బండి ఎటు పోతోందో తెలుస్తుంది. కోపంతో ట్యాగ్ బ్లాక్ చేస్తే ఆ జాడా పోతుంది. ముందు పోలీసులకు చూపించాలి. అయితే ఆ మెసేజ్ ఓనరు ఫోన్‌కే రావాలి. చేతులు మారిన పాత లారీకి ట్యాగ్ ఇంకా అమ్మినవాడి నంబరు మీదే నడుస్తుంటే కబురు ఆయనకు వెళ్తుంది, ఆయన తన డబ్బు ఎందుకు పోతోందా అని బ్యాంకుకు ఫోన్ చేస్తాడు.

చివరగా ఛాసిస్ నంబరు. గ్రైండర్‌తో గీకేసి వేరే నంబరు కొట్టినా, లోహంలో మొదటి దెబ్బ ఆనవాలు మిగులుతుంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఆమ్లం పూసి దాన్ని బయటికి తేగలరు. తేలిన నంబరు తనదేనని చూపడానికి ఓనరు దగ్గర సీ బుక్కుతో పాటు పెన్సిల్ ప్రింటూ ఉండటం మంచిది: నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అక్షరాల వంపులతో సహా దిగుతుంది. ఒక ప్రింటు ఇంట్లో బీరువాలో పెట్టుకోవాలి, క్యాబిన్‌లో కాదు. తుప్పు పట్టి ఉంటే ముందు వైర్ బ్రష్ కొట్టాలి.