బాలసాహిత్యంలో ప్రవేశం: ముద్దనూరు పద్ధతి

బాలసాహిత్యాన్ని విశ్వవిద్యాలయంలో చదవాలనుకునే కడప జిల్లా ముద్దనూరు విద్యార్థికి తొలి ప్రవేశ పరీక్ష ఇంటి అరుగు మీదే జరుగుతుంది. ప్రశ్న ఒక్కటే: "పిల్లోల్ల కతలు సదివేదానికి కాలేజీ యాలబ్బా?" మార్కులుండవు, తప్పించుకునే దారీ ఉండదు.

ఈ అనుమానం ముద్దనూరు సొంతమేమీ కాదు. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సీలియా బట్లర్ బాలసాహిత్యం పాఠం చెబుతుంటే తోటి ఆచార్యులే చిన్నచూపు చూశారు. ఆవిడ 1972లో ఏకంగా బాలసాహిత్యానికే ఒక పరిశోధన పత్రిక పెట్టింది. వర్జీనియాలోని హోలిన్స్‌ విశ్వవిద్యాలయంలో 1992 నుంచి బాలసాహిత్యంలో ఎం.ఏ. చెబుతున్నారు.

మనవైపు దారి ఎం.ఏ. తెలుగు గుండా పోతుంది. పీజీసెట్ రాసి, కడపలో 2006లో వెలసిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. లేదా రైలెక్కి తిరుపతి వెళ్లవచ్చు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన ఎం.కె. దేవకి బాలగేయాల మీదే పరిశోధన చేశారు. అలాంటి పరిశోధన దాకా రావాలంటే ముందు ఛందస్సు, వ్యాకరణం, భాషాశాస్త్రం దాటాలి. కుందేలు మీదా నక్క మీదా ఉన్న మమకారాన్ని అంతదాకా దాచుకోవాలి.

దరఖాస్తుకు టీసీ, మైగ్రేషన్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు కావాలి. పదో తరగతి మార్కుల జాబితా ఎన్నిసార్లయినా అడుగుతారు గానీ, చిన్నప్పుడు అవ్వ దగ్గర ఎన్ని కతలు విన్నావని ఎవరూ అడగరు. అసలు ముడిసరుకు అదే. అవ్వ కతకు ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు, 'ఊ' కొడితే చాలు. అదే కత యూనివర్సిటీ గేటు దాటగానే మౌఖిక కథన సంప్రదాయం అవుతుంది. అప్పుడిక 'ఊ' కొడితే కుదరదు, ఫుట్‌నోటు పెట్టాలి. ఆ ఫుట్‌నోటులో అవ్వ పేరు, వయసు, ఊరు రాసుకుంటుంటే "యా ఆఫీసోల్లు అడిగినార్రా?" అని ఆమె కంగారు పడటం క్షేత్రపర్యటనలో భాగమే.

ఇక ఉద్యోగం. పక్కనే థర్మల్ పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనబడే ఊరు కాబట్టి, ఏ చదువు పేరు చెప్పినా బంధువులు దాన్ని ప్లాంటు గేటుతోనే కొలుస్తారు. బాలసాహిత్యం ఆ గేటులో పట్టదు. బీఈడీ, డీఎస్సీ, నెట్ అని చెబితే కొంత శాంతిస్తారు.

అప్పటికీ వినకపోతే జిల్లా చరిత్ర తీయాలి. 1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ' తెచ్చిన బి. నాగిరెడ్డి పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో. ప్రొద్దుటూరు రచయిత డి.కె. చదువులబాబు 'వజ్రాల వాన'కు 2023లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం కింద ఒక తామ్రఫలకం, 50 వేల రూపాయలు ఇస్తారు. అరుగు మీద వాదించేవారు రెండోదాన్నే ముందు చెప్పాలి.