దిగి చూడరా అబ్బాయ్

మా మనవడు థార్ రాక్స్ కొన్నాడు. డీజిలు, ఫోర్ బై ఫోర్. లోపల తెల్లటి సీట్లు. 2024 ఆగస్టు 15న బండి విడుదలైనప్పుడు, బురదలో తిరిగే బండికి ఈ తెలుపేమిటని జనం గోల పెడితే, ఫోర్ బై ఫోర్‌కి ముదురు గోధుమరంగు కూడా ఇచ్చారట. మావాడు తెలుపే ఏరుకున్నాడు. ఎక్కబోతుంటే, "చెప్పులు విడిచి ఎక్కు తాతయ్యా" అన్నాడు. ముప్పై ఏళ్ళు డిపార్టుమెంటు జీపు తోలిన మనిషిని!

మా రోజుల్లో జీపుకి తలుపులే ఉండేవి కావు. మారేడుమిల్లి ఘాట్‌లో వాన కొడితే సగం లోపలికే వచ్చేది. ఫోర్ వీల్ వెయ్యాలంటే కిందికి దిగాలి. ముందు చక్రాల నడిమధ్య ఫ్రీవీల్ హబ్బులుండేవి. బురద తుడిచి, వాటిని వేళ్ళతో తిప్పి లాక్ చెయ్యాలి, అటొకటి ఇటొకటి. మళ్ళీ ఎక్కి గేరు పక్కనున్న చిన్న లివర్లు లాగాలి: ఒకటి ముందు చక్రాలకి, ఇంకోటి లో గేరుకి. చిరాకు పనే, కాదనను. కానీ దిగినవాడు ఊరికే ఎక్కడు కదా. బురద ఎంత లోతుందో కాలితో పొడిచి చూస్తాడు, ముందుపోయిన బండి చాళ్ళు చూస్తాడు, రాయి ఎక్కడుందో చూసుకుంటాడు. ఇప్పుడు సీట్లో కూర్చునే ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలకీ మామూలు గేరు, పడిపోతుంది. మావాడి బూటుకి మట్టి అంటదు, ముందున్నది గుంటో గట్టో తెలియదు. బండి ఇరుక్కున్నాక ఫోను తీస్తాడు.

ఆ ఫోనులో ఇలాంటి బండ్లవాళ్ళు అడిగే ప్రశ్నలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. "వాన పడుతోంది, హైవే మీద ఫోర్ హైలో పెట్టుకుంటే సేఫ్ కదా?" అని ఒకడు. ఒరేయ్, దీంట్లో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి తారు మీద జారదు. ఆ మెలి అంతా షాఫ్టుల మీదా గేరుబాక్సు మీదా పడుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, టూ హైకి, అంటే వెనక చక్రాలకే, రమ్మంటే రాదు. అప్పుడు తిన్నగా కొంచెం వెనక్కి పోనిస్తే మెలి వదులుతుంది. ఇది మా పెద్ద డ్రైవరు బూతులతో కలిపి చెప్పాడు, అందుకే గుర్తుంది. ఫోర్ లో, అంటే లో గేరు, వెయ్యాలంటే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వెయ్యాలి. దిగుడులో అది పడితే బ్రేకు మీద కాలు పెట్టే పనే తక్కువ.

ఇసుక, బురద, మంచు అని మూడు మోడ్‌లు కూడా ఉన్నాయి. రంపచోడవరంలో మంచు మోడ్ దేనికో నాకు తెలియదు.

వెనక చక్రాలకే పవరు వెళ్ళే బండి కొని ఇసుకలో దిగేవాళ్ళ సంగతి వేరు. 2023 జనవరి నుంచి థార్‌ని టూ వీల్ డ్రైవ్‌లోనూ అమ్ముతున్నారు, రాక్స్‌లో పెట్రోలుకి ఫోర్ బై ఫోర్ అసలు ఇవ్వకుండానే తెచ్చారు. చూడ్డానికి అన్నీ ఒకటే. సూర్యలంక ఇసుకలో దిగబడ్డాక తెలుస్తుంది, తను కొన్నది ఏదో. ఫోర్ బై ఫోర్ ఉన్నా సరే, ఇసుకకి టైర్లలో గాలి తియ్యాలి, ఇరవై పీఎస్ఐ లోపుకి, 18 దాకా. మేం పుల్లతో వాల్వు పిన్ను నొక్కి పట్టేవాళ్ళం, చెవిని బట్టి అంచనా. తారెక్కే ముందు కాలి పంపుతో మళ్ళీ కొట్టుకునేవాళ్ళం, చొక్కా పిండితే నీళ్ళు కారేవి. వీడు కొన్న కంప్రెసరు ఇంకా అట్టపెట్టె విప్పలేదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. రాక్స్‌కి భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 5 స్టార్లు వచ్చాయి. మా జీపులో బెల్టు లేదు, మలుపులో జారిపోకుండా పట్టుకునే కడ్డీయే దిక్కు. ఆ విషయంలో వీడి బండే నయం, నోరు మూసుకుంటాను.

నీళ్ళ దగ్గర మాత్రం మూసుకోను. 650 మిల్లీమీటర్ల నీళ్ళలో పోతుందని కంపెనీ రాసింది. అంటే రెండడుగుల మీద కాస్త. అది నిలవ నీళ్ళ మాట. వానాకాలం పాములేరు వాగు రెండడుగులున్నా బండిని పక్కకి నెట్టగలదు. మేం ముందు ఒకణ్ణి కర్ర ఇచ్చి దింపేవాళ్ళం. మనిషి నడవలేని చోట జీపు దిగేది కాదు, ఎంత పెద్ద ఆఫీసరు వెనక కూర్చున్నా సరే. దిగాక లో గేరులో, ఒకే తీరుగా, ఆగకుండా పోవాలి. ఇంజను మధ్యలో ఆగిపోతే మళ్ళీ స్టార్టు కొట్టకూడదు. లోపలికి నీళ్ళు వెళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, బిల్లు లక్షల్లో. గట్టెక్కాక బ్రేకు రెండుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి. తర్వాత డిఫరెన్షియల్ ఆయిలు చూపించుకోవాలి, పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే.

ఇదంతా చెప్పి, సర్వీసుకి ఇచ్చేటప్పుడు వాగులో దిగానని మేస్త్రీతో చెప్పరా అన్నాను. చెప్పడట. వారంటీ పోతుందని భయం.