డీజిల్ పొగకు జిల్లా పోస్టింగు

ఆర్టీసీ ఎండీ గారికి,
బస్ భవన్, హైదరాబాద్.

అయ్యా,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపల ఇక బ్యాటరీ బస్సులే తిరుగుతాయనీ, అక్కడి డీజిల్ బండ్లు జిల్లాలకొస్తాయనీ విని మా కొండాపూర్ పొంగిపోతోంది. మాది సంగారెడ్డి జిల్లా కొండాపూర్. సాఫ్ట్‌వేర్ కొండాపూర్ వేరు. ఉత్తర్వుల్లో పేరు తారుమారై కొత్త బస్సు మాకొచ్చేను, జాగ్రత్త.

పొగను ఎక్కడికి పంపాలో మీకు బాగా తెలుసు. మా జిల్లా పటాన్‌చెరు-బొల్లారం పేరు 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. మందుల కంపెనీల వాసనలో నాలుగు పాత బస్సుల పొగను ఎవరు గుర్తుపడతారు?

అయినా ఒక్క మాట. కరెంటు బస్సుకు కావలసింది రోజూ ఒకే దారి, ఒకే టైము, నడుమ చార్జింగుకు తీరిక. సిటీలో ఆ తీరికేదీ? మా దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు జనం ఇస్నాపూర్‌లో, రుద్రారంలో దిగిపోయాక మళ్లీ షిఫ్టు మారేదాకా బండికి పెద్దగా పనుండదు. ఫ్యాక్టరీల కోసం వేసిన కరెంటు లైన్లు పాశమైలారం నెత్తిమీదే ఉన్నాయి. అద్దె బస్సులకు కిలోమీటరుకింతని కంపెనీకి కట్టేది మీరే. ఆ కిలోమీటరు ఇక్కడా అంతే పొడవుంటుంది.

రాత్రి పదింటికి బీ షిఫ్టు దిగినవాళ్లను ఓసారి చూడండి. షేర్ ఆటోలో డ్రైవర్‌కి చెరోపక్క ఒకరు, వెనక ఒళ్లో టిఫిన్ డబ్బాలతో ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉంది, సంతోషం. బస్సే లేనప్పుడు జీరో టికెట్ ఎవరు కొట్టాలి? అన్నట్టు, ఎలక్ట్రిక్ ఆటోలు తయారయ్యేది మా జిల్లా జహీరాబాద్‌లోనే.

ఎలక్ట్రిక్ బస్సుల ఏర్పాట్లకని 2025 అక్టోబర్‌లో సిటీ టికెట్ మీద ఐదూ పదీ పెంచారు. పటాన్‌చెరులో 219 నంబరు బస్సెక్కే మేమూ ఆ పది కట్టినవాళ్లమే.

మా ఊరి దిబ్బల తవ్వకాల్లో రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం బయటపడింది. రెండు వేల ఏళ్ల కింద రోము సొమ్ము ఇక్కడిదాకా వచ్చింది. దానికి ఓఆర్‌ఆర్ అడ్డం కాలేదు.

ముందు ఒక్క కరెంటు బండి ఇచ్చి చూడండి. సంగారెడ్డిలో పొద్దున ఐదింటికి బయల్దేరాలి, ఆరింటి పంచింగుకు అందాలి. చప్పుడు లేని బస్సు కదా, చీకట్లో వచ్చినట్టు తెలియదు. డ్రైవర్‌ను స్టాపు స్టాపుకీ హారన్ కొట్టమనండి.

ఇట్లు,
కొండాపూర్ (మ్యూజియం ఉన్నది) ప్రయాణికుడు