సొమ్మును చిప్పును: ఒక ఓవర్‌క్లాక్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం పుట్టిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల బజారు. కాలం గ్రీష్మం: పరీక్షా ఫలితాలు వచ్చేశాయి, మామిడిపళ్లు వచ్చేశాయి, వానలు మాత్రం రాలేదు. పాత్రలు ఇద్దరు, ఒక దుకాణదారు, ఒక విద్యార్థి. విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, ఐదున్నర గిగాహెర్ట్జ్ కొడ్తదా?" రెండోది: "బోర్డుకు లైట్లున్నయా?" దుకాణదారు రెంటికీ "ఉంటది తమ్మీ" అన్నాడు. మూడో ప్రశ్న రాలేదు. ఆ రాని ప్రశ్నే పద్యానికి వస్తువు. కవి ఎవరో తెలియదు. పక్కన చాయ్ తాగుతూ వింటున్నవాడని సంప్రదాయజ్ఞుల ఊహ.

మూలం (ఆటవెలది)

కోరి వేగమడిగి కూలరు చూడక
బోర్డు కొనగఁబోయి పూత మెఱుపు
చూచి మురియువాని సొమ్మును చిప్పును
వేడి నోటఁబడును వేసవందు

ప్రతిపదార్థం

కోరి = ఎవరూ బలవంతపెట్టకుండానే; వేగము అడిగి = కంపెనీ ఇచ్చిన వేగం చాలదని పట్టుబట్టి; కూలరు చూడక = ప్రాసెసర్ నెత్తిన కూర్చుని వేడిని మోసుకుపోయే సాధనం ఎంత మోయగలదో విచారించక (కిటికీలో పెట్టి నీళ్లు పోసే కూలరని బాలవ్యాఖ్యాతలు; తేమ ఊదేది కనుక అది కంప్యూటరుకు దూరంగా ఉండదగినది); బోర్డు కొనగఁబోయి = మదర్‌బోర్డు కొనడానికి వెళ్లి; పూత మెఱుపు చూచి = పైన బిగించిన తొడుగునూ అందులో రంగులు మారే దీపాలనూ చూసి; మురియువాని = పొంగిపోయేవాని; సొమ్మును = నాన్న ఫోన్‌పేలో పంపిన మొత్తమూ; చిప్పును = ప్రాసెసరూ; వేసవందు = ఎండాకాలంలో; వేడి నోటన్ = ఉష్ణమనెడి నోటిలో; పడును = పడిపోవును.

అన్వయం

సుగమం. అయితే చిప్పుకన్న ముందు సొమ్మును చెప్పడంలో క్రమౌచిత్యం ఉంది. సొమ్ము దుకాణంలోనే పోతుంది, చిప్పు ఇంటికి వచ్చాక.

విశేషాంశాలు

"కోరి వేగమడిగి": ప్రాసెసర్ వేగమంటే ఒక గుణకారం. మూల గడియారం 100 మెగాహెర్ట్జ్, గుణకం 50 అయితే 5 గిగాహెర్ట్జ్. ఆ గుణకాన్నో మూల గడియారాన్నో కంపెనీ పెట్టిన హద్దు దాటించడమే ఓవర్‌క్లాక్. దాటిన చిప్పు తడబడకుండా లెక్కలు చేయాలంటే ఓల్టేజీ కూడా పెంచాలి, చిక్కంతా అక్కడే. పుట్టే వేడి వేగంతో సమానంగా పెరుగుతుంది, ఓల్టేజీకి మాత్రం దాని వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 1.20 ఓల్టుల వద్ద 4 గిగాహెర్ట్జ్‌తో 100 వాట్లు తినే చిప్పును 1.35 ఓల్టులిచ్చి 4.4కు ఎక్కిస్తే సుమారు 139 వాట్లు తింటుంది. వేగం పెరిగింది 10 శాతం, వేడి పెరిగింది 39 శాతం. విద్యార్థి అడిగినది మొదటి అంకె. రెండోది అడగకుండానే వెంట వస్తుంది.

ఇక్కడ ఒక ఇతిహాసం స్మరించదగును. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చిప్పు వచ్చింది. దాని గుణకానికి 4.5 వద్ద తాళం. మూల గడియారం 66. అబిట్ వారి బీహెచ్6 బోర్డు మీద జంపర్లు పీకి గుచ్చే పని లేదు. బయోస్‌లోకి వెళ్లి ఆ 66ను 100 చేస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450తో నడిచేది. ఒకటిన్నర రెట్ల వేగం దాదాపు ఉచితం. ఓవర్‌క్లాక్ అనగానే పెద్దల కళ్లు మెరవడానికి ఇదే కారణం. అయితే చిప్పులో ఆనాడు మిగిలి ఉన్న ఆ మిగులును ఈనాడు కంపెనీలే పిండుకుని అమ్ముతున్నాయి. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కె ఎవరూ ముట్టుకోకుండానే 5.8 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది, 253 వాట్ల దాకా తాగుతుంది. కనుక 1998 నాటి ఫలం ఆశించి నేటి చిప్పును తిప్పడం కాలవిరోధమనే దోషం.

"కూలరు చూడక": కూలరు చల్లదనాన్ని పుట్టించదు. వేడిని చిప్పు నుంచి తీసి గదిలోకి పారబోస్తుంది, అంతే. రాగి గొట్టాలూ రేకులూ ఉన్న టవర్ కూలరైనా, పంపూ రేడియేటరూ ఉన్న ఏఐఓ అయినా ఈ ధర్మం ఒకటే. లోపల నీళ్లున్నాయి కదా అని గదికన్న చల్లగా ఉంటుందనుకోవడం భ్రాంతి. 150 వాట్ల లోపు చిప్పుకు మంచి టవర్ కూలరు చాలు. 250 వాట్లు దాటేదానికి 360 మిల్లీమీటర్ల రేడియేటరు, అనగా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు, కావలసి వస్తుంది.

కొనేవాడు కొలవవలసినవి మరికొన్ని. పెద్ద టవర్ల ఎత్తు 165 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కేబినెట్ పక్క తలుపు మూసుకోకపోతే ఆ నేరం కూలరుది కాదు. ఏఐఓలో పంపును అన్నిటికన్న ఎత్తున పెట్టరాదు, గాలి బుడగలు పైకి చేరి అందులోనే తిష్ఠ వేస్తాయి. థర్మల్ పేస్టు పలుచగా పరుచుకోవాలి. దాని పని రెండు లోహాల నడుమ సందుల్లో గాలిని వెళ్లగొట్టడమే. కూలరు అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీయకుండా బిగించినవారి గురించి వ్యాఖ్యాత మౌనం వహిస్తున్నాడు.

"బోర్డు కొనగఁబోయి": బోర్డుకు రెండు పరీక్షలు. మొదటిది అధికార పరీక్ష. ఇంటెల్ చిప్పు పేరు చివర "కె" ఉన్నంత మాత్రాన గుణకం కదలదు. బోర్డు మీద జెడ్690, జెడ్790 వంటి జెడ్ వరుస చిప్‌సెట్ ఉండాలి. బి760 ర్యామ్ వేగం పెంచనిస్తుంది, ప్రాసెసర్ గుణకాన్ని పెంచనివ్వదు. ఏఎండీ ఈ విషయంలో ఉదారం: బి650, ఎక్స్670 రెండూ సరే, ఏ620 మాత్రం కాదు. ఈ పరీక్ష తప్పినవాడికి ఒక లాభం ఉంది, అతడు ఏమీ కాల్చుకోలేడు.

రెండోది పోషణ పరీక్ష. ఎస్ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే 12 ఓల్టులను సుమారు 1.25కు దించి ప్రాసెసర్‌కు పోసే భాగం వీఆర్ఎమ్. 1.25 ఓల్టుల వద్ద 250 వాట్లు అంటే 200 ఆంపియర్లు. ఆ ప్రవాహాన్ని ఫేజులు పంచుకుని మోస్తాయి. పెట్టె మీద "16+1" అని అచ్చు వేసి ఉంటే అది సంఖ్య మాత్రమే. ఒక్కో ఫేజు ఎన్ని ఆంపియర్లు మోస్తుంది, దాని మీద పెట్టినది బరువైన లోహమా, ఉత్త తొడుగా అన్నది సారం. వీఆర్ఎమ్ మరిగిపోతే కూలరు ఎంత గొప్పదైనా బోర్డే ప్రాసెసర్‌ను కుంటిస్తుంది.

కూలరుకూ బోర్డుకూ కవి ఒకే వాక్యంలో ముడి వేయడం ఊరికే కాదు. టవర్ కూలరు ఫ్యాను గాలి పక్కనున్న వీఆర్ఎమ్‌కు కూడా కొంత తగులుతుంది. ఏఐఓ పెట్టగానే ఫ్యాన్లు రేడియేటరుతో పాటు కేబినెట్ అంచుకు పోతాయి, వీఆర్ఎమ్‌కు ఆ గాలి పోతుంది. కూలరు స్థాయి పెంచినవాడు బోర్డు స్థాయి కూడా చూసుకోవాలని ధ్వని.

"పూత మెఱుపు": దీపాలు తినే విద్యుత్తు స్వల్పం, తినే సొమ్ము స్వల్పం కాదు. అదే సొమ్ము వీఆర్ఎమ్ లోహానికీ, రెండు 8 పిన్నుల ప్రాసెసర్ కనెక్టర్లకూ, సెట్టింగులు వికటించినప్పుడు బయోస్‌ను తిరిగి నిలబెట్టే మీటకూ పోతే సద్వినియోగం.

పూర్వపక్షం, సిద్ధాంతం

శంక: ఇంటెల్ చిప్పులు చాలావరకు 100 డిగ్రీల వద్ద, రైజెన్ 7000 వరుసలో ఎక్కువభాగం 95 వద్ద తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి గదా. అంతకూ తగ్గకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది గదా. ఇక "నోటఁబడును" అని కవి బెదిరించడం అతిశయోక్తి కాదా?

సమాధానం: కాదు. ఉష్ణోగ్రతకు కావలివాడున్నాడు. అధిక ఓల్టేజీకి అటువంటి కావలి ఉన్నదని నమ్మరాదు. ఆ ఓల్టేజీ సాధారణంగా చిప్పును ఒక్కసారిగా కాల్చదు, నెలల తరబడి లోపలి సన్నని దారులను అరగదీస్తుంది. ఒకనాడు అదే వేగానికి అదే ఓల్టేజీ చాలకుండా పోతుంది. నిదర్శనాలు దూరాన లేవు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి చిప్పులు కొన్ని సాకెట్‌తో సహా కాలిపోతే, ఏఎండీ ఎస్ఓసీ ఓల్టేజీకి 1.3 హద్దు గీసి బోర్డులకు కొత్త బయోస్‌లు ఇప్పించింది. 13, 14 తరాల ఇంటెల్ చిప్పులు తడబడుతున్నప్పుడు, అవసరానికి మించిన ఓల్టేజీయే కారణమని తేల్చి 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ విడుదల చేశారు, వారంటీని రెండేళ్లు పొడిగించారు. ఓవర్‌క్లాక్ ఊసెత్తని ఇళ్లలోనూ ఆ చిప్పులు చెడ్డాయి. ఇక కోరి పెంచేవాడి సంగతి వేరే చెప్పాలా? కనుక బయోస్‌లో ఓల్టేజీని "ఆటో"కు వదిలి గుణకం పెంచడం నిషిద్ధం. భారం పడినప్పుడు ఓల్టేజీ జారకుండా పట్టి ఉంచే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను చివరి మెట్టుకు ఎక్కించడమూ నిషిద్ధం. భారం తప్పుకున్న క్షణంలో ఓల్టేజీ అడిగినదానికన్న పైకి ఎగురుతుంది.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో నాలుగో పాదం "వేడి నోటఁబడును వారమందు" అని ఉన్నది. ఇది లేఖక ప్రమాదం. "వే"కు "వా"తో యతి చెల్లదు. అర్థమూ చెల్లదు: పైన చెప్పినట్లు చిప్పు వారంలో పోదు, మెల్లగా పోతుంది. "వేసవందు" అన్నదే కవి పాఠం. దాని బలం లెక్కలో ఉంది. గది ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో 85 చూపిన చిప్పు, 40 డిగ్రీల గదిలో 100 తాకుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం మేడ మీద గదికి 40 పెద్ద అంకె కాదు. డిసెంబరులో స్థిరమని తేల్చుకున్న సెట్టింగు మేలో పరీక్ష తప్పడానికి ఇదే హేతువు. పరీక్ష అంటే ప్రైమ్95 వంటిది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేటకు పుట్టిన ఆ ప్రోగ్రాము, ముందే తెలిసిన జవాబులతో పోల్చి చిప్పు చేసిన తప్పును పట్టిస్తుంది. దాన్ని ఎండ వేళ నడపడమే ప్రమాణం.

అలంకారం

వేడికి నోరు కల్పించుటచే రూపకం. "చూడక", "చూచి" అని ఒకే ధాతువును చూడవలసినదానికి నిషేధంగాను, చూడనక్కరలేనిదానికి విధిగాను వాడుట కవి చమత్కారం.

తాత్పర్యం

వేగం కావాలన్నవాడు ముందు చిప్పుకు ఎంత ఓల్టేజీ దాటనివ్వనో నిశ్చయించుకోవాలి. ఆ ఓల్టేజీలో పుట్టే వాట్లను పోయగల బోర్డును, వాటిని తన గదిలోని మే నెల వేడిలో మోయగల కూలరును, ఈ క్రమంలో ఎంచుకోవాలి. తర్వాతనే గుణకం ముట్టుకోవాలి, ఒక్కొక్క మెట్టే ఎక్కాలి, ప్రతి మెట్టుకూ పరీక్ష చేయాలి, తప్పు దొరికితే ఓల్టేజీ పెంచక ఒక మెట్టు దిగాలి. ఇంత చేసినా దక్కేది కొద్ది శాతమే. అది చాలదనుకుంటే, వేగం అలాగే ఉంచి ఓల్టేజీ కొంచెం తగ్గించి చూడవచ్చు. వేడి తగ్గిన చిప్పు తన ఎగురుడు వేగాన్ని తానే ఎక్కువసేపు నిలుపుకుంటుంది.

ఫలశ్రుతి

ఈ టీకాను కొనకముందు చదివినవారికి సొమ్ము దక్కును. కొన్నాక చదివినవారికి చిప్పైనా దక్కును. కాలిన తర్వాత చదివినవారికి ఆటవెలది లక్షణం తెలియును.